అపాత్రదానం లేని ఊరు

నాగులపేట పట్టణంలో అపాత్రదానమనే దోషం సమూలంగా నశించి చాలా కాలమైంది. అక్కడ దాత ఎవరిని ఏమనుకుని దానమిస్తే, పుచ్చుకున్నవాడు ఆ క్షణం నుంచీ అదే అయిపోతాడు. దేశమూ, కాలమూ, పాత్రతా విచారించి గాని దానం చేయరాదని పూర్వులు శాసించారు. విచారించడం శ్రమ. నాగులపేట పురపాలక సంఘం ఆ శ్రమను దాతల బుర్రల మీదనుంచి దించి, పుచ్చుకునేవారి ఒళ్ళ మీద పెట్టింది.

ఏర్పాటు చక్కగా నడుస్తోంది. ఒక రోహిణీ కార్తెలో వర్తక సంఘంవారు బస్టాండులో రగ్గులు పంచితే, పుచ్చుకున్నవారందరూ మిట్టమధ్యాహ్నం గడగడ వణికి సంఘం పరువు నిలిపారు. మూడు చక్రాల బళ్ళ పంపిణీలో రెండు బళ్ళు మిగిలిపోతే, వేడుక చూడవచ్చిన ఇద్దరిని పిలిచి కూర్చోబెట్టి ఫోటో తీశారు. వారు మళ్ళీ లేవలేదు. బళ్ళు మాత్రం మన్నికైనవని అందరూ మెచ్చుకున్నారు. ఫిర్యాదుల విచారణకు పాత్రతా విభాగమని ఒక కార్యాలయం కూడా ఉంది. అందులో దాతల ఫిర్యాదులు స్వీకరిస్తారు.

ఇత్తడి సామాన్ల వ్యాపారి కొత్తమాసు పరంధామయ్యకు ఈ ఏర్పాటు మీద అపారమైన గౌరవం. ఆయన దానశీలి, అనగా, ఆదరణ వృద్ధాశ్రమంలో ప్రతి ఫ్యాను రెక్క మీదా, గోడ గడియారం మీదా ఆయన తండ్రిగారి పేరుంది. గడియారం మీద పేరు మరీ పెద్దదై ముళ్ళు కనిపించవు గాని, అక్కడ వేళ తెలుసుకోవలసిన తొందర ఎవరికీ లేదు. ఏటా తండ్రిగారి వర్ధంతినాడు మధ్యాహ్న భోజనం కొత్తమాసువారిదే.

ఈ ఏడు ఆయన వంట చూసుకుందామని పొద్దున్నే ఒక్కడే ఆశ్రమానికి వెళ్ళాడు. ఉక్కగా ఉండి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. మధ్యాహ్నపు దాత పొద్దుటి ఉప్మా రుచి చూసి వంటవాడి పనితనం నిర్ణయించడం అక్కడి ఆచారం. పరంధామయ్య పంక్తి చివర ఆకు ముందు బాసింపట్టు వేసుకుని, చేత్తో ఉప్మా కలుపుతూ దీక్షగా తల వంచాడు. సరిగ్గా అప్పుడు ఉదయపు దాత గుళ్ళపల్లి కోటిరత్నంగారు మనవరాలి పుట్టినరోజు సందర్భంగా పంచెలు పంచుతూ పంక్తి చివరికి వచ్చింది.

"పాపం, ఎవరూ లేరు కాబోలు," అంటూ ఆయన ఒళ్ళో ఒక పంచె వేసింది.

పరంధామయ్య అలవాటుకొద్దీ రెండు చేతులా అందుకున్నాడు. ఇవ్వడమే గాని పుచ్చుకోవడం తెలియనివాడు కనుక, ఎలా వద్దనాలో ఆయనకు తెలియలేదు. అంతటితో ఆయనకు ఎవరూ లేకుండా పోయారు.

విషయం నిర్ధారించుకోవడానికి ఆయన ఇంటికి ఫోను చేశాడు. భార్య సుబ్బరత్నం తీసింది.

"ఏమే, నేనే," అన్నాడు.

"ఎవరండీ మీరు? ఏమే గీమే అంటున్నారు? మా ఆయన లేరింట్లో," అని పెట్టేసింది.

ఆశ్రమం మేనేజరు బసవరాజు ఇలాంటివి చాలా చూసినవాడు. ఆయన పరంధామయ్యకు మర్యాదగా మంచం చూపించి, పక్కదుప్పటి ఇచ్చాడు.

"కంగారుపడకండి పరంధామయ్యగారూ. తరవాత ఇచ్చినవాళ్ళు ఏమనుకుంటే అది చెల్లుతుంది. మధ్యాహ్నం వచ్చే దాత మిమ్మల్ని కాస్త మొహం ఎత్తి చూసి, ఫలానా అనుకుంటే చాలు, ఫలానా అయిపోతారు."

"మధ్యాహ్నం దాతను నేనేనయ్యా!"

"తమరు కాదు లెండి. అమ్మగారూ అబ్బాయిగారూ వస్తున్నారు."

"అయితే వాళ్ళకి నువ్వొక్క మాట చెప్పు."

బసవరాజు చెవులు మూసుకున్నాడు. "అపచారం! దాత చూపును మళ్ళించడం నేరమండీ. పుచ్చుకునేవాడి మాట ఎలాగూ సాక్ష్యానికి పనికిరాదు. మీరు కాస్త చూపులో పడేట్టు కూర్చోండి, అంతే."

పరంధామయ్యకు ధైర్యం చిక్కింది. ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి. విస్తరి ముందు రెండు జానల దూరంలో వంగి వడ్డిస్తుంది. గుర్తుపట్టకేం చేస్తుంది? ఈ మాటే ఆయన పక్కమంచం ముసలాయనతో అన్నాడు.

ముసలాయన బోసినోటితో నవ్వాడు. "నిరుడు నాకు గారెలు వడ్డించింది నువ్వే. 'అల్లుడూ, బాగున్నావా' అన్నాను. 'తొందరగా తినండి తాతగారూ, మజ్జిగొస్తోంది' అన్నావు."

పరంధామయ్య ఆ ముఖంలోకి పరికించి చూశాడు. అప్పుడు కనిపించింది. అయిదేళ్ళ కిందట తీర్థయాత్రకు బయల్దేరి మరి రాలేదని అందరూ చెప్పుకున్న తన మేనమామ చలమయ్య. ఎవరూ లేనివారు ఒకరికొకరు కనిపించడానికి నియమాలలో అభ్యంతరం లేదు.

"మావయ్యా! నిజంగా నాకు కనపడలేదు."

"ఎలా కనపడతాన్రా? వడ్డించేవాడు ఆకు చూస్తాడు. నా ఆకు నీకు బాగా గుర్తుండుంటుంది."

నిజమే. పచ్చడి ముట్టనివాళ్ళ ఆకులూ, పులిహోర మళ్ళీ అడిగినవాళ్ళ ఆకులూ పరంధామయ్యకు ఈనెతో సహా గుర్తున్నాయి. ముఖాలు మాత్రం ఒక్కటీ లేవు.

మధ్యాహ్నం సుబ్బరత్నం, కొడుకు కిశోరూ వచ్చారు. ఆమె రాగానే బసవరాజును అడిగింది: "మా ఆయన పొద్దున్నే ఇక్కడికని వచ్చారే?"

"వచ్చారమ్మా. ఇక్కడే ఉన్నారు."

"చొక్కా మాత్రం ఉంది. ఈయనదీ ఓ వరసే. ఏ ఇత్తడి బేరానికో పోయుంటారు," అని ఆమె కొంగు బిగించింది.

పరంధామయ్య పంక్తిలో మెడ నిక్కించి కూర్చున్నాడు. పప్పు వచ్చింది, కూర వచ్చింది. ఆమె చూపు గరిటెనుంచి ఆకుకూ, ఆకునుంచి పక్క ఆకుకూ క్రమం తప్పకుండా సాగిపోతోంది. గారెల వంతు రాగానే ఆయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "సుబ్బరత్నం!"

ఆమె ఆగింది. గారె గాలిలో నిలిచింది. "నా పేరు మీకెలా తెలుసండీ?" అని మొదటిసారి ముఖం ఎత్తి చూసింది. ఆ చూపులో ఏదో కదిలింది, నుదురు ముడిపడింది. పరంధామయ్య ముఖం ఇంకాస్త ముందుకు చాపాడు. "ఒరేయ్ కిశోర్, ఈయన్ని ఎక్కడో చూసినట్టు లేదూ?"

కిశోర్ ఫోనులో ఫోటో సరిచూసుకుంటూ, "అమ్మా, వీళ్ళందరూ అలాగే ఉంటారు. నీ పేరు గుమ్మంలో దాతల బోర్డు మీద ఉంది కదా, చదివుంటాడు. నువ్వు పద, పెరుగు పులిసిపోతోంది," అన్నాడు.

నుదుటి ముడి విడిపోయింది. "పాపం, ఎవరూ లేని మనిషి, పేరు పెట్టి పిలిచి సరదా తీర్చుకున్నాడు," అనుకుంటూ ఆమె గారె వేసింది. దానితో ఉదయపు నిర్ణయం మధ్యాహ్నం ఖాయమైంది. చలమయ్య పక్కనుంచి మెల్లగా, "తినరా, చల్లారిపోతుంది," అన్నాడు.

పరంధామయ్య తిన్నాడు. ఇంట్లో ఏనాడూ ఆమె కొసరి వడ్డించిన గుర్తు లేదు. ఇక్కడ రెండో గారె అడగకుండానే వేసింది.

భోజనాలయ్యాక పెద్దల దీవెనలు తీసుకోవడం కొత్తమాసువారి ఆనవాయితీ. సుబ్బరత్నం వరసగా అందరికీ తాంబూలం ఇచ్చి దణ్ణం పెడుతూ వచ్చి ఆయన ముందు వంగింది.

"తాతగారూ, మా ఆయన పొద్దున వెళ్ళారు, ఇంకా జాడ లేదు. నా మనసేం బాగోలేదు. క్షేమంగా ఇంటికి రావాలని దీవించండి."

పరంధామయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ జుట్టులో తెల్లవెంట్రుకలు ఇన్ని ఉన్నాయని ఆయనకు అంతవరకూ తెలియదు. "వస్తాడమ్మా," అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని తాంబూలం అందించింది. "ఎంత మంచి మనిషో! నోరు తెరిచి ఏదీ అడగడు," అని కొడుకుతో అంటూ ఆటో ఎక్కడానికి వెళ్ళిపోయింది.

వెనక్కి పిలవడానికి పరంధామయ్య లేచాడు. కాని తాంబూలం అప్పటికే చేతిలో ఉంది. ఆమె ఏమనుకుని ఇచ్చిందో ఆయన అదే అయ్యాడు. మంచి మనిషి, నోరు తెరిచి ఏదీ అడగడు. గేటు దగ్గర ఆటో చప్పుడు దూరమయ్యేదాకా నిలబడి, చిరునవ్వుతో చెయ్యి ఊపాడు.