కొన్నకొద్దీ మిగులు

"కొనండి! కొన్నకొద్దీ మిగులుతుంది!" అని పెదకాకాని సభలో మంత్రిగారు ప్రకటించగానే, మిరపకాయల తొడిమలు తీసే కూలి ఒకపూట మానుకుని వచ్చిన రసూల్‌బీకి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఏమీ కొనకపోవడం వల్లే తన దగ్గర ఏమీ మిగల్లేదన్న సంగతి ఆవిడకు అప్పుడే తెలిసింది.

పథకం గొప్పది. కరెంటు తక్కువ తాగే ఫ్యాను మూడు వేలు. ముందు మొత్తం కట్టి కొనాలి. తర్వాత కాగితాలు పంపితే పదిహేను వందలు రిబేటుగా వెనక్కొస్తాయి.

"రెండు కొంటే మూడు వేలు మిగులు. పది కొంటే పదిహేను వేలు!" అని విడమరిచి చెప్పాడు నల్లపాడు వార్డు పార్టీ కన్వీనర్ చెంచయ్య.

"అసలు కొనకపోతేనో?" అన్నాడు రసూల్‌బీ మొగుడు బుడాన్.

చెంచయ్య జాలిగా చూశాడు. "ఇందుకేరా నువ్వు పైకి రావట్లేదు."

వాళ్ళది రేకుల ఇల్లు. ఎండలు మండిపోతున్నాయి. రసూల్‌బీ చీటీ పాడి ఫ్యాను కొంది. పెట్టె మీది బార్‌కోడ్ కత్తిరించి ఫారానికి అంటించాలని రూలు. చెంచయ్య స్వయంగా వచ్చి, ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరించినంత గంభీరంగా ఆ ముక్క కత్తిరించి, పోస్టు చేయించాడు.

తర్వాత స్విచ్ వేశారు. ఫ్యాను తిరగలేదు.

షాపుకు మోసుకెళితే ఓనరు శ్యామ్ సుందర్ పెట్టెను నాలుగు వైపులా చూశాడు. "బార్‌కోడ్ లేకపోతే వారంటీ లేదమ్మా. ఎవరు కోయమన్నారు?"

"గవర్నమెంటండి."

"అయితే గవర్నమెంటునే తిప్పమనండి."

వారానికి రిబేటు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఫ్యాను తిరుగుతున్నట్టు వీడియో పంపాలట. రసూల్‌బీ కంగారు పడింది గానీ చెంచయ్య చెక్కుచెదరలేదు. బుడాన్‌ను నీళ్ళ డ్రమ్ము మీదకు ఎక్కించి, చేతికి కర్రిచ్చి, మళ్ళీ పైన బిగించిన ఫ్యాను రెక్కను ఒక్క తోపు తోయించి, సెల్లు ఆన్ చేశాడు.

"ఏమయ్యా, తల వంచు! వీడియోలో పడుతున్నావ్!" అని అరుస్తూనే రసూల్‌బీ పడీపడీ నవ్వింది. ఫ్యాను ఏడు చుట్లు తిరిగింది. ఆ వేసవికి వాళ్ళు ఎరిగిన ఫ్యాను గాలి అంతే.

మే నెలాఖరులో ఆవిణ్ణి గుంటూరులో స్టేజీ ఎక్కించారు. ఆఫీసరు మైకులో చదివాడు: "రిబేటు ఫ్యాను బిగించాక కూడా కరెంటు బిల్లు ఒక్క యూనిట్ పెరగని ఏకైక గృహం!"

మంత్రిగారు పులకించిపోయి, ఆ ఎండలో ఉన్ని శాలువా కప్పారు. "రహస్యమేంటో ప్రజలకు చెప్పమ్మా!"

రసూల్‌బీకి అబద్ధం చేతకాదు. "తిరగదండి," అంది.

మంత్రిగారు మైకు లాక్కున్నారు. "విన్నారా? తిరగదు! ఇంతకు మించిన పొదుపు ఏ దేశంలోనైనా ఉందా?"

చప్పట్లు ఆగలేదు. చెంచయ్య ఈల వేశాడు. రిబేటు సంగతి రసూల్‌బీ అడగబోయేలోపు, ఇంకో ఫ్యాను కొనుక్కోమని కూపను చేతిలో పెట్టి దింపేశారు.

మర్నాడు శ్యామ్ సుందర్ షాపు ముందు వీధి మలుపు దాకా జనం.

"తిరగని ఫ్యాన్లు ఉన్నాయా?"

"అయిపోయాయండి. తిరిగేవే ఉన్నాయి."

"అవెందుకు, బిల్లు దండగ!"

కూపను పట్టుకుని వచ్చిన రసూల్‌బీని అందరికన్నా ముందు చూసింది పక్క వీధి వెంకటరావమ్మ. చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళింది.

"నీ ఫ్యాను నాకిచ్చెయ్ రసూల్‌బీ. నాలుగు వేలిస్తా."

రసూల్‌బీ వెంటనే తలూపింది.

వెంకటరావమ్మ డబ్బు చేతిలో పెట్టబోయి ఆగింది. "కానీ ఒక్క మాట. రేపెప్పుడైనా తిరిగితే మాత్రం వెనక్కి తీసుకోవాలి."