గాల్లో ఆగిన టోపీ

ఆ ఆదివారం పొద్దున ఒనెజీమ్ బార్దూ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం ఆటలో తన పెళ్ళాం పాడే పాటకు జనం చేత "ఇంకోసారి" అనిపించాలి.

పారిస్‌లో ఆమె పాడే నాటకశాలకు ఒక కిరాయి చప్పట్ల మేళం ఉంది. నవ్వడానికి కొందరు, కళ్ళొత్తుకోవడానికి కొందరు, చప్పట్లకు తక్కినవాళ్ళు, మొత్తం నలభై మంది. వాళ్ళకు పెద్ద ఒనెజీమ్. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని పాటలు నిలబెట్టాడో అతనికే గుర్తులేదు గానీ, ఒక్క పాటా చెవిన పెట్టి విన్న పాపాన పోలేదు. పాట నడుస్తున్నంతసేపూ చూపంతా చేతిలోని కాగితం మీదే. నాలుగో పాదానికి నవ్వు, ఎనిమిదో పాదానికి పెద్ద నవ్వు, చివర చప్పట్లు.

భార్య లెయొకాది పద్దెనిమిదేళ్ళు బృందగానంలో రెండో వరసలో నిలబడి, ఇన్నాళ్ళకు ఒక్కతే పాడే పాట సంపాదించుకుంది. రొట్టె కొనుక్కొస్తానని వెళ్ళి పత్తా లేని మొగుడి కోసం సూపు వెచ్చబెట్టుకుంటూ కూర్చున్న ఇల్లాలి మీద కట్టిన నవ్వుల పాట అది. దౌడు తీసే తాళం, ఖంగుమనే పై శ్రుతి, వెనక బూరలు, గరిటెలు పట్టుకుని గంతులేసే ఆరుగురు అమ్మాయిలు. ఇంత హంగామా ఉన్నా రెండు ఆటల్లో మేళం తప్ప ఎవరూ నవ్వలేదు. ఈసారైనా కిరాయి గొంతులు కాక అసలు జనం ఇంకోసారి పాడమని అడగకపోతే పాట తీసేస్తానని, ఆమె మళ్ళీ రెండో వరసలో నిలబడాల్సిందేనని యజమాని గాస్పార్ తేల్చి చెప్పాడు.

రోజూ రొట్టెకని వెళ్ళి వీధి మలుపు కాఫీ కొట్లో గంటన్నర కూర్చుని వచ్చే ఒనెజీమ్, ఆ రోజు మాత్రం ఇంటిపట్టునే ఉండి పెళ్ళాం గొంతుకు మంచిదని పచ్చిగుడ్డులో బ్రాందీ కలిపి తాగించాడు. గుడ్డు చిన్నదైంది, బ్రాందీ ఎక్కువైంది. దగ్గు ఆగేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఏమయ్యా, నన్ను గెలిపిద్దామనుకున్నావా, సాగనంపుదామనుకున్నావా?" అని ఆ బొంగురు గొంతుతోనే అడిగింది లెయొకాది.

అతను మేళాన్ని పోగుచేసుకోవడానికి వెళ్ళాడు. ఆమె సంగీతం నడిపించే ఫుల్‌క్రాన్ దగ్గరకు పరుగెత్తింది. ఫుల్‌క్రాన్ జాలిగుండె మనిషి. చిక్కల్లా అక్కడే వచ్చింది. పాపం గొంతు బాగాలేదని శ్రుతి రెండు మెట్లు దించాడు. ఆ శ్రుతిలో బూరలకు స్వరాలు చిక్కడం లేదని బూరలు మానిపించి, కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ పెట్టాడు. కింది శ్రుతిలో మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని తాళం నెమ్మది చేశాడు. ఆ నెమ్మదికి గరిటెల అమ్మాయిలు ఒక గంతు వేశాక రెండో గంతు కోసం ఎదురుచూస్తూ నిలబడాల్సి వస్తోందని వాళ్ళను కూర్చోబెట్టేశాడు. ఇంతా చేశాక పాట వింటే పంతులు ఎక్కాలు చెప్పినట్టుందని తోచి, గాంధారాన్ని ఒక్క మెట్టు కిందికి దించాడు, దాంతో పాటలోకి దిగులు వచ్చి చేరింది. ప్రతి మార్పూ చిన్నదే, ప్రతిదానికీ కారణముంది. చివరికి చూస్తే అది ఆ పాట కాదు. ఈ సంగతి చప్పట్ల మేళానికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. మాటలు ఒక్కటీ మారలేదు కదా.

మేళంలో తెయొద్యూల్ అనే మాంసం కొట్టతను ఉన్నాడు. అతను నవ్వితే చుట్టుపక్కల మూడు వరసలు నవ్వాల్సిందే. కిందటేడు రాణి ప్రాణం విడిచే ఘట్టంలో పొరపాటున నవ్వేశాడు. అప్పటినుంచీ ఒక కట్టుబాటు వచ్చింది. ఒనెజీమ్ టోపీ పైకెత్తి దించితే తప్ప ఎవరూ నోరు విప్పకూడదు, చెయ్యి కదపకూడదు.

"నీ టోపీ దిగందే కొంప అంటుకున్నా పలకనన్నా" అని ఆ రోజూ తెయొద్యూల్ మాటిచ్చాడు.

పాట మొదలైంది. నాలుగో పాదం వచ్చే వేళయిందని ఒనెజీమ్ టోపీ ఎత్తాడు. ఆ పాదం ఎంతకీ రాలేదు. ఏమైందా అని కాగితం మీంచి తలెత్తాడు.

"రొట్టె తెస్తానన్నావు. సూపు మళ్ళీ వెచ్చబెట్టాను."

ఆ మాటలు అతను వందసార్లు చదివినవే. ఆ గొంతు ఇరవై ఏళ్ళుగా తన ఇంట్లో, తన పొయ్యి దగ్గర తిరుగుతున్నదే. అందులో ఇంత లోతుందని అతనికి తెలియదు. వెళ్ళినవాడి మీద కోపం లేదు, నిష్ఠూరం లేదు, సూపు చల్లారిపోతోందన్న దిగులు మాత్రం ఉంది. తాను కాఫీ కొట్లో కూర్చున్న పొద్దులన్నీ ఒనెజీమ్‌కు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఎనిమిదో పాదం వచ్చింది, వెళ్ళింది. టోపీ గాల్లోనే ఉండిపోయింది.

నలభై మందీ ఊపిరి బిగబట్టి ఆ టోపీ వంకే చూస్తున్నారు. తెయొద్యూల్ మొహం కందగడ్డలా అయింది. నవ్వు ఆపుకుంటున్నాడనుకున్నారు పక్కవాళ్ళు. అది ఏడుపు.

పాట అయిపోయింది. చప్పుడు లేదు. మేళం మొదలుపెడితే అందుకోవడమే తప్ప తామై మొదలుపెట్టే అలవాటు అక్కడి జనానికి లేదు. లెయొకాది మొగుడి వంక చూసింది. టోపీ ఎత్తి, నోరు తెరిచి, బొమ్మలా ఉన్నాడు. అన్ని పాటలకూ చప్పట్లు కొట్టించే మనిషి తన పాటకు చెయ్యి కదపలేదు. ఆమె తల వంచుకుని, ఎవరూ చెప్పకుండానే రెండో వరసవైపు రెండడుగులు వెనక్కి వేసింది.

అప్పుడు అన్నిటికన్నా పై అంతస్తు నుంచి ఒక ముసలామె గొంతు వినిపించింది.

"ఆగు తల్లీ. ఇంకోసారి పాడు."

ఆ తర్వాత హాలు హాలంతా లేచి అదే మాట అడిగింది. అడిగినవాళ్ళలో మేళం వాళ్ళు ఒక్కరూ లేరు. టోపీ ఇంకా దిగలేదు మరి.

ఆట ముగియగానే గాస్పార్ పరుగున వచ్చి ఒనెజీమ్ చెయ్యి పట్టుకున్నాడు. "చప్పట్లు ఎవరైనా కొట్టిస్తారు మొస్యూ బార్దూ. అంత నిశ్శబ్దం ఎలా చేయించారండీ? రేపటినుంచి ప్రతి ఆటకూ అదే కావాలి" అన్నాడు. ఒనెజీమ్ నోట మాట రాలేదు. అది కూడా పనితనమే అనుకుని యజమాని ఇంకా మురిసిపోయాడు.

ఇద్దరూ ఇంటికి నడిచారు. వంతెన దాటాక లెయొకాది అడిగింది.

"చప్పట్లు ఎందుకు కొట్టలేదు?"

"వింటూ ఉండిపోయాను. చేతులున్న సంగతే గుర్తు రాలేదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

మర్నాడు రొట్టెకని వెళ్ళిన ఒనెజీమ్ అయిదు నిమిషాల్లో తిరిగొచ్చి, పొయ్యి ఇంకా రాజుకోకముందే ఇంట్లో కాళ్ళకు అడ్డం పడుతున్నందుకు చీవాట్లు తిన్నాడు.