రెండు గంటల పది నిమిషాలు

విమానం ఆలస్యమైందని తిట్టుకునేవాళ్లని చూస్తే నాకు జాలి. కిలో కూరగాయలడిగితే అయిదు కిలోలు తూచిచ్చే కొట్టువాడు ఎక్కడైనా ఉన్నాడా? రెండు గంటలకి టికెట్ కొంటే పది గంటలు ప్రయాణం చేయించే మహానుభావులున్నారు. దండం పెట్టాల్సింది పోయి తిడతారా!

నా పెళ్లే తీసుకోండి. నలభై నాలుగో ఏట కుదిరింది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. కాబోయే ఆవిడది ఒకటే షరతు: తనని పెంచి పెద్దచేసిన అన్నయ్య సాక్షి సంతకం పెట్టాలి. ఆయన పెట్టందే తను పెట్టదు.

ఆ అన్నయ్య, అంటే నాకు కాబోయే బావగారు, పొలాలు కొలిచే సర్వేయరు. మనుషుల్ని నమ్మడు గానీ అంకెని నమ్ముతాడు. మా ఊరికి పదహారు వందల కిలోమీటర్లు, విమానంలో రెండు గంటల పది నిమిషాలు అని ఫోన్‌లో చూశాడు. మధ్యాహ్నం భోజనం మీతోనే అని చెల్లెలికి కబురు పెట్టాడు.

పెళ్లిరోజు పొద్దున ఆరింటికి గడప దాటాడు. ఎయిర్‌పోర్టు పేరుకి ఆయన ఊరిదే గానీ కట్టింది పక్క ఊరి పొలిమేరలో. అక్కడికే గంటన్నర. సెక్యూరిటీలో ఆయన సంచిలోంచి ముప్ఫై మీటర్ల ఇనప టేపు బయటపడింది. అది లేకుండా ఆయన పక్కింటికైనా వెళ్లడు. విమానంలో ఏం కొలుస్తావని ఒక ఆఫీసరు, ఆయన పై ఆఫీసరు వంతులేసుకుని అడిగారు. తీరా ఎక్కాక విమానం కాడి కింద మొరాయించిన ఎద్దులా రెండు గంటలు కదల్లేదు. దిగాక సామానుకి గంట, ఊళ్లోకి గంటన్నర.

మరి లాభమేమిటంటారా? పదింటి నుంచీ నేనూ ఆవిడా ఒకే బెంచీ మీద! రెండేళ్ల పరిచయంలో తెలియనివి ఆరు గంటల్లో తెలిశాయి. ఆవిడకి ఆకలేస్తే మాట్లాడదు. ఇంకా ఆకలేస్తే మాట్లాడుతుంది. నేను కూర్చునే గురక పెడతానట. ఏ పెళ్లిచూపుల్లో తెలుస్తాయండీ ఇవి?

బావగారు టాక్సీ దిగేసరికి నాలుగూ ఇరవై. ఆఫీసుకి నాలుగింటికే తాళం పడింది. ఆయన ఆ తాళాన్ని కాసేపు చూసి చెల్లెలి వైపు తిరిగాడు.

"విమానంవాళ్లు చక్రాలు లేచిన దగ్గర్నుంచి నేలకి ఆనేదాకానే కొలిచారమ్మా. గట్లు వదిలేసి నడిమధ్య దుక్కి మాత్రం కొలిస్తే రైతు నన్ను తన్ని పంపడూ?"

"ఊరందరి గట్లూ కొలుస్తావు. గడప నుంచి గడపకి ఎంతో నువ్వు కొలుచుకోవద్దా అన్నయ్యా?"

మళ్లీ తారీఖు మూడు వారాల తర్వాత దొరికింది.

ఇంత మేలు చేసిన విమానాన్ని రెండోసారి ఇబ్బంది పెట్టడం ధర్మం కాదు కదా! అందుకని ఈసారి బావగారిని రైల్లో రమ్మన్నాను. ఆలస్యమవుతుందేమోనని ఆయన వారం ముందే దిగాడు. మా ఇంట్లోనే బస. పొద్దున లేస్తే టేపే. హాలు గోడ రెండంగుళాలు వంకరట. పడకగది మూల కలవలేదట. ఇలాంటి ఇంటికి చెల్లెల్ని పంపాలా అని ఆలోచనలో పడ్డాడు. ఇప్పుడు వంటగదిలో ఉన్నాడు.

విమానం కంపెనీ వారూ, మీకో మనవి. పది గంటల్ని రెండు గంటలుగా కొలిచే టేపు మీ దగ్గరుంది కదా. ఒక్కసారి నాకు అరువివ్వండి. పెళ్లి శుక్రవారం. ఇంకా మూడు రోజులుంది.