నదికి సున్నా కంప్యూటర్లు

మా ఉమ్మడి గణన కేంద్రంలో ప్రవేశపెట్టిన 'ముందుచూపు' అనే ప్రోగ్రాము తన తొలి ఏడాదిని నూటికి నూరు శాతం కచ్చితత్వంతో పూర్తిచేసిందని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఈ వాక్యం రాసింది నేనే. ప్రకటనల విభాగంలో ఇలాంటి వాక్యాలు రాయడమే నా పని. ఇరవై రెండేళ్లుగా సంతోషిస్తూనే ఉన్నాను.

తెలియనివారి కోసం చెబుతాను. మూడు భవనాల్లో నాలుగు వందల కంప్యూటర్లు ఒకదానికొకటి కలిపి ఉంటాయి. పన్నెండు శాఖలు వాటిని పంచుకుని వాడుకుంటాయి. ఎవరికెన్ని ఇవ్వాలన్నది పూర్వం డైరెక్టరుగారు తేల్చేవారు. ఆయన గది బయట బెంచీ మీద శాఖాధిపతులు వరసగా కూర్చుని నిట్టూర్చేవారు. ఆ మోటు పద్ధతి పోయి మెషిన్ లెర్నింగ్ వచ్చింది. ఏ శాఖ ఏ వారం ఎన్ని కంప్యూటర్లు వాడిందో ముందుచూపు గమనిస్తుంది, నేర్చుకుంటుంది, వచ్చే వారం ఎన్ని కావాలో తానే ఊహించి పంచిపెడుతుంది. ప్రారంభోత్సవంలో డైరెక్టరుగారు, "ఇకమీదట ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. మీ అవసరం మీకన్నా ముందే దానికి తెలుస్తుంది. మనం ఆలోచించే రోజులు పోయాయి" అని సెలవిచ్చారు. చివరి మాటకు చప్పట్లు ఎక్కువసేపు మోగాయి.

మా గురించి నేర్చుకోవడానికి ముందుచూపుకు మూడు నెలలు పట్టింది. దాని గురించి మేము మూడు రోజుల్లో నేర్చుకున్నాం. వాడినవాడికి వాటా, ఖాళీగా ఉంచినవాడికి కోత. అంతే సంగతి. మరుసటి వారం నుంచి భూమి కొలతల శాఖ మా ప్రహరీగోడ పొడవును ప్రతి ఉదయం కొత్తగా లెక్కకట్టడం మొదలుపెట్టింది. గోడ కదల్లేదు. పశుగణన శాఖ పశువుల జాబితాను అక్షరక్రమంలో పేర్చి, వెంటనే తలకిందులు చేసి, మళ్లీ పేర్చసాగింది. మేము వెనకబడితే మర్యాదగా ఉండదు కాబట్టి, పదేళ్ల వార్షిక నివేదికల్లో 'ల' అనే అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో గంటగంటకూ లెక్కించే ఏర్పాటు నేను స్వయంగా చేశాను. సంఖ్య ఇంతవరకూ మారలేదు, అయినా సరిచూసుకోవడం మంచిదే కదా. ఆరు కంప్యూటర్ల మా విభాగం అరవైకి ఎదిగింది. నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

ఈ ప్రగతికి అడ్డుతగిలిన మనిషి ఒక్కరే, నది లెక్కల ఇంజనీరు. అందరం ఏటి మేడమ్ అంటాం. ఎగువన వాన పడితే, ఏ గంటకు ఏ వీధిలోకి ఎంత లోతు నీళ్లొస్తాయో ఆవిడ లెక్క చెబుతుంది. నలభై కంప్యూటర్ల మీద అరగంట పని. వాన లేనప్పుడు అన్నీ ఆపేసి, వేరేవాళ్లు వాడుకుంటారని వదిలేసేది. ఎనిమిది నెలలు వాన పడలేదు. ముందుచూపు ఆవిడ వాటాను నలభై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి ఐదుకి, చివరికి సున్నాకి దించింది. "ఏదో ఒక లెక్క ఊరికే తిప్పుతూ ఉండండి మేడమ్, అందరూ చేసేదే" అని మంచి మాట చెప్పాను. "వాన లేనప్పుడు వరద లెక్క ఎందుకండీ?" అంది. చదువుకున్నవాళ్లలో కూడా ఇలాంటి మొండితనం ఉంటుంది.

ఒక శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి ఆవిడ తడిసిన గొడుగు మడవకుండానే నా గదిలోకి వచ్చింది.

"ఎగువన రాత్రంతా కుండపోతండీ. నా అంచనాకైతే సాయంత్రానికి దిగువ వీధి మునుగుతుంది. కానీ లెక్క చేతిలో లేకుండా సైరన్ మోగించనివ్వరు. మీ పని ఓ అరగంట ఆపండి, చాలు."

లెక్క లేని హెచ్చరిక చెల్లదన్న ఉత్తర్వు నిజమే. జనం అనవసరంగా కంగారుపడకూడదని రెండేళ్ల కిందట తెచ్చారు. రాసింది నేనే. అయితే శుక్రవారమంటే ముందుచూపు వచ్చే వారపు వాటాలు తేల్చే రోజు. "పశుగణన వాళ్లు ఆపితే మేమూ ఆపుతాం మేడమ్" అన్నాను. పశుగణన వాళ్లు, కొలతల శాఖ ఆపితే ఆపుతామన్నారు. కొలతల శాఖ మా పేరు చెప్పింది. డైరెక్టరుగారు ఎంతో సానుభూతితో అత్యవసర అభ్యర్థన పత్రం ఇచ్చారు. దానికి గత నెల వాడకం వివరాలు జతచేయాలి. గత నెల ఆవిడ వాడకం సున్నా. చేసేది లేక, ఆ నాలుగు వందల్లో చేరని తన బల్ల మీది ఒక్క కంప్యూటరులోనే లెక్క మొదలుపెట్టింది. అది తేలడానికి ఇరవై గంటలు పడుతుంది.

ఆవిడ మాట మేము నమ్మలేదనుకునేరు. పూర్తిగా నమ్మాం. ఆవిడ మెట్లు దిగేలోపే మూడు భవనాల్లోనూ అందరూ ఫోన్లు అందుకున్నారు. నేను మా అక్కకు చేశాను. వాళ్లది దిగువ వీధే.

"అక్కా, సామాన్లన్నీ మేడ మీదికి చేర్చు. బావని బయటికి వెళ్లొద్దను."

"ఏంట్రా, వరదా? సైరన్ మోగలేదే."

"మోగదు. చెప్పింది చెయ్యి."

"పక్కింటి దర్జీ ఆవిడది రేకుల ఇల్లురా. మంచం దిగలేని అత్తగారు. ఒక్క మాట చెప్పొస్తాను ఉండు."

"ప్రకటించకుండా బయటివాళ్లకి చెప్పకూడదక్కా. నా ఉద్యోగానికి ఎసరొస్తుంది."

అక్క ఫోను పెట్టేసింది. పక్కింటికి వెళ్లలేదట. నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే తెర వైపు చూశాను. అరవై కంప్యూటర్లూ శ్రద్ధగా 'ల'లు లెక్కపెడుతున్నాయి.

సాయంత్రం నాలుగింటికి నీళ్లొచ్చాయి. దర్జీ ఆవిడ అత్తగారిని వీపున వేసుకుని, నడుము లోతు నీళ్లలో నడిచి, అక్కవాళ్ల మేడ ఎక్కింది. మనుషులు బతికారు. నాలుగు కుట్టుమిషన్లూ, ఊళ్లోవాళ్లు కుట్టడానికి ఇచ్చిన బట్టలూ బురదలో కలిసిపోయాయి. మేడ మీద పొడిగా, వరసగా సర్దిపెట్టిన అక్క సామాన్లను ఆవిడ చాలాసేపు చూసిందట. మర్నాడు తెల్లవారుజామున ఏటి మేడమ్ లెక్క తేలింది. నిన్న సాయంత్రం నాలుగింటికి దిగువ వీధిలో నడుము లోతు నీరు వచ్చును. అంగుళం తేడా లేదు.

సోమవారం ముందుచూపు నివేదిక వచ్చింది. నది లెక్కలకు ఊహించిన అవసరం సున్నా, వాడినది సున్నా, తేడా సున్నా. మిగతా శాఖలు ఇచ్చినవన్నీ వాడాయి, ఇవ్వనివి వాడలేదు. తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? "వరద కూడా మన అంచనాను తప్పించలేకపోయింది" అని డైరెక్టరుగారు గద్గద స్వరంతో అన్నారు. ఏటి మేడమ్ కూడా దారికొచ్చింది. ఇప్పుడు మండుటెండల్లో, ఇసుక తేలిన నదికి రోజంతా వరద లెక్క కడుతోంది. వాటా యాభై దాటింది. మాతో మాట్లాడటం మానేసింది.

నష్టం అంచనాకు వెళ్లిన బృందం దిగువ వీధిలోని రెండు వందల పద్నాలుగు ఇళ్లలో ముప్ఫై ఒక్క ఇళ్లలో సామాను తడవలేదని గుర్తించింది. ఆ ముప్ఫై ఒక్క ఇళ్లకూ మా కార్యాలయంలో చుట్టాలున్నారు. ఈ సంగతి నివేదికలో రాయలేదు గానీ, వీధికి తెలిసిపోయింది.

పోయిన వారం అక్క ఫోను చేసింది. తిడుతుందేమోనని భయపడ్డాను.

"పక్కింటావిడ వాళ్లమ్మాయికి మీ ఆఫీసులో పెళ్లికాని వాళ్లెవరైనా ఉంటే చూడమంటోందిరా. ఉద్యోగం చిన్నదైనా పర్లేదట. వానాకాలంలో ఫోను చేసేవాడైతే చాలట."

దిగువ వీధి నుంచి మా విభాగానికి ఇప్పటికి అరవై ఏడుగురు ఆడపిల్లల ఫోటోలు చేరాయి. మా దగ్గర పెళ్లికాని వాళ్లు నలుగురే ఉన్నారు. సైరన్ ఎందుకు మోగలేదని అడుగుతూ మాత్రం ఒక్క ఉత్తరమూ రాలేదు.