రెండో పిల్ల లేని సినిమా

తొంభై రోజుల్లో దేశంలో చెడు స్నేహం అన్నదే లేకుండా చేస్తామని యువజన సంక్షేమ మంత్రిగారు ప్రకటించారు. ఎనభై తొమ్మిదో రోజున, పని పూర్తయిందని మరో ప్రకటన చేశారు. గడువుకి ఒకరోజు ముందే పని ముగించిన మంత్రిని నా సర్వీసులో చూడటం అదే మొదలు. ఈ మధ్యకాలంలో ఏం చేశారని గిట్టనివాళ్లు కొందరు అడిగారు. పోస్టర్లు వేయించారు.

తొంభయ్యో రోజున మా ఆఫీసుకి ఒక సినిమా వచ్చింది. మాది సినిమాలకి సర్టిఫికెట్లు ఇచ్చే ఆఫీసు. నేను అక్కడ గుమాస్తాను. ప్రివ్యూ హాల్లో వెనక వరసలో చిన్న లైటు పెట్టుకుని కూర్చుని, కమిటీ సభ్యులు చీకట్లో చెప్పే అభ్యంతరాలు రాసుకోవడం నా ఉద్యోగం. ఎవరి అభ్యంతరం వాళ్ల మాటల్లోనే రాయాలి, పక్కన వాళ్ల చేతే సంతకం పెట్టించాలి, ఒక కాపీ సినిమా తీసినవాళ్లకి ఇవ్వాలి. పంతొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఒక్క సినిమా కూడా తలెత్తి చూడలేదు, అన్నీ విన్నాను.

ఆ సినిమాలో హాస్టల్లో ఉండే పదహారేళ్ల ఆడపిల్లలు ఇద్దరు. ఒకరంటే ఒకరికి ప్రాణం. మూడో మనిషిని దగ్గరికి రానివ్వరు. ఒకరు చిన్న అబద్ధం ఆడితే రెండోవాళ్లు దానికి పెద్ద అబద్ధం జతచేస్తారు. వీళ్లని వేరే వేరే గదుల్లో వేయాలని వార్డెనమ్మ అనుకుంటుంది. ఇద్దరూ కలిసి ఆవిణ్ణి స్టోరు గదిలో పెట్టి గడియ వేస్తారు. తర్వాత తలుపు సందుల్లోంచి పొగ. ఒక పిల్ల దొరుకుతుంది. రెండో పిల్ల పేరు చచ్చేదాకా చెప్పదు.

తీసింది ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. దొరికిన పిల్ల ఆమెకి సొంత అక్క. బాలికల హోమ్‌లో రెండేళ్లుండి అక్కడే పోయింది. అప్పుడు ఈ అమ్మాయికి పదేళ్లు. హాస్టల్ ఉన్న ఊరు కూడా చూడలేదు. అక్క రాసిన ఉత్తరాల్లో ఆ స్నేహితురాలికి పేరు లేదు, “నా ప్రాణం” అని మాత్రం ఉంది. మీ కూతురు ఒక్కతే చేసిందని ఇరవై ఏళ్లుగా అందరూ తల్లితో అంటూనే ఉన్నారు. ఇద్దరున్నారని తల్లి అంటూనే ఉంది.

చెడు స్నేహం మీద సినిమా వచ్చిందని తెలిసి మంత్రిగారే స్వయంగా చూడటానికి వచ్చారు. వెంట పార్టీ యువజన విభాగం అధ్యక్షురాలు వచ్చారు. కమిటీలో ఆవిడ ప్రత్యేక సభ్యురాలు. ముప్ఫై ఆరేళ్లు వచ్చినా యువతని వదిలిపెట్టని మనిషి. కంటికి తప్పు కనిపిస్తే మేడం ఊరుకోలేరు. ఒకసారి నా సెలవు చీటీలో కామాలు కూడా దిద్ది ఇచ్చారు.

సినిమా అయ్యేసరికి ఇరవై రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఇరవై ఒకటి మేడంగారివే. ఇరవై రెండోది మంత్రిగారిది, హాల్లో ఏసీ చాలడం లేదని. అదీ రాశాను.

మేడం మొదటి అభ్యంతరం సూటిగా ఉంది. దేశంలో చెడు స్నేహం లేదని ప్రభుత్వం ప్రకటించాక సినిమాలో ఉండటానికి వీల్లేదు, కాబట్టి రెండో పిల్లని మొత్తంగా తీసేయాలి. మంత్రిగారు కుర్చీలోంచి సగం లేచి మెచ్చుకున్నారు.

డైరెక్టరమ్మాయి లేచి నిలబడింది. “సర్, అక్కడ ఇద్దరున్నారు. ఆ ఒక్కమాట చెప్పడానికే ఈ సినిమా తీశాను.”

“ప్రభుత్వం ఫైల్లో ఎంతమందున్నారమ్మా?” అన్నారు మంత్రిగారు.

“ఒక్కరే సర్.”

“మరి నీ సినిమాలోకి ఇంకొకరు ఎక్కణ్ణుంచి వచ్చారు? ఉన్నవాళ్లకే లెక్క సరిపోక మేం చస్తుంటే, నువ్వు కొత్తవాళ్లని తెస్తావేంటి?”

మంత్రిగారి దగ్గర ఇంకో సూచన కూడా ఉంది. నిప్పు ఎవరు అంటించారో సినిమాలో తేలలేదు, పొగ మాత్రమే కనిపించింది. ఉన్నది ఒక్క పిల్లే అయినప్పుడు ప్రజలకి అనుమానం ఎందుకు మిగల్చాలి? ఆ పిల్ల చెయ్యి, అగ్గిపుల్ల, మంట, మూడూ కొత్తగా తీసి కలపమన్నారు.

మెట్ల దగ్గర ఆ అమ్మాయి నన్ను ఆపి, ఒప్పుకోకపోతే ఏమవుతుందని అడిగింది. సర్టిఫికెట్ రాదు, ఏ హాల్లోనూ ఆడదు అని చెప్పాను. “మా అమ్మ ఒక్కసారి అక్కని తెరమీద చూసుకుంటే చాలు బాబాయ్‌గారూ” అని అభ్యంతరాల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నాకు చాలా బాధేసింది. అయినా ఆఫీసు టైము కాబట్టి లోపలికి వెళ్లి ఏసీ గురించి ఉత్తరం టైపు చేశాను.

నెల తర్వాత సినిమా మళ్లీ వచ్చింది. రెండున్నర గంటలది యాభై నిమిషాలైంది. పిల్ల సైకిల్ తొక్కుతూ ఖాళీ వెనక సీటుతో కబుర్లు చెబుతోందట. ఎవరూ వేయని జోకుకి కడుపుబ్బ నవ్వుతోందట. గోడ మీద చెయ్యేసి ఒట్టు వేస్తోందట. ఇవన్నీ మంత్రిగారు పైకి చెబుతూ ఆనందిస్తుంటే విన్నాను. “చూశారా, ఎవరి మీదా ఆధారపడలేదు. దీన్నంటారు స్వావలంబన” అన్నారు. సినిమాని అన్ని స్కూళ్లలో చూపించాలని అక్కడికక్కడే ఆర్డరు వేశారు.

చివరికి కొత్తగా తీసిన ముక్క వచ్చింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు ఒకటి వినిపించింది, వెంటనే మంట వెలుగు నా కాగితం మీద పడింది.

“ఛ, తప్పు” అన్నారు మేడం. తెర మీంచి చూపు తిప్పుకోకుండానే అన్నారు. “ఒక్క పుల్లకే అంటుకోలేదు. పెట్టె చెమ్మగిల్లిపోయింది. మూడు విరిగాయి, నాలుగోదానికి అంటుకుంది. అయినా ఇది గీయలేదు, దీనికి చేతులు వణికిపోతుంటే పెట్టె లాక్కోవాల్సొచ్చింది. తీసేటప్పుడు సరిగ్గా తియ్యద్దూ?”

“అదీ శ్రద్ధంటే” అన్నారు మంత్రిగారు.

ముందు వరసలో డైరెక్టరమ్మాయి తెర వదిలేసి మేడం వైపు తిరిగింది. నేను మేడం మాటల్ని అక్షరం పొల్లుపోకుండా రాశాను. పంతొమ్మిదేళ్ల అలవాటు.

లైట్లు వేశారు. మేడంగారికి యువజన సభకి టైమైపోతోంది. కాగితం ముందు పెట్టాను. ఎప్పటిలాగే చదవకుండా, పేరు కింద గీత కూడా లాగి, గుండ్రంగా సంతకం చేశారు. ఇంత చిన్న విషయానికి రీషూట్ అక్కర్లేదని, ఆ అభ్యంతరం రికార్డులో ఉంటే చాలని మంత్రిగారు పెద్దమనసుతో అన్నారు. సర్టిఫికెట్ మీద ఆయనే స్వయంగా స్టాంపు వేసి, ఫోటోగ్రాఫర్ కోసం రెండోసారి కూడా వేసి, మేడంని తీసుకుని వెళ్లిపోయారు.

డైరెక్టరమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. ఎనిమిదేళ్లు తిరిగి తీసిన సినిమా, నెల రోజులు తిరిగి సాధించిన సర్టిఫికెట్. రెండు చేతులతో అందించాను. దానివంక చూడలేదు.

“అభ్యంతరాల లిస్టు కాపీ ఇస్తారా బాబాయ్‌గారూ?”

రూలు ప్రకారం ఇవ్వాలి, ఇచ్చాను. అక్కడే నిలబడి చదివింది. సంతకం దగ్గర వేలు పెట్టి మళ్లీ చదివింది. తర్వాత ఫోన్ తీసి, “అమ్మా, ఉన్నావా?” అని మాత్రం అనగలిగింది. కాగితం గుండెలకి హత్తుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయింది.

ఈ కాలం పిల్లలకి మతిమరుపు ఎక్కువ. సర్టిఫికెట్ నా బల్ల మీదే వదిలేసింది. గేటు దాకా పరిగెత్తాను గానీ అందలేదు. అప్పటికే ఆటో కోర్టు వైపు తిరిగింది.