రాళ్లెక్కిన రోడ్ల శాఖ

"కొండకి రోడ్డు వేయడం పాతకాలపు ఆలోచన. బండికి కొండెక్కడం నేర్పించడం కొత్త ఆలోచన" అని రోడ్ల శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను జనంలోనే ఉన్నాను. ఈ మాట సాక్షాత్తూ రోడ్ల మంత్రి నోట రావాలంటే ఎంత నిస్వార్థం ఉండాలో పాఠకులు ఆలోచించాలి. తన శాఖతో పనే లేదని నిండు సభలో చెప్పే మంత్రులు ఎంతమంది దొరుకుతారు?

ఆ ప్రకటన రావడానికి కారకుడు మా బావ. మా అక్కా బావా కొండ మీది ఊళ్లో ఉంటారు. ఆ ఊరివాళ్లకి పాడి పశువులే జీవనాధారం. పొద్దున్నే పాలక్యాన్లు భుజానికెత్తుకుని కాలిబాటన కొండ దిగుతారు. అడుగున మా బావ పికప్ నిలబెట్టి ఉంటుంది. అందులో పాలు టౌనుకి వస్తాయి. మా అక్కకి మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాడు. మరి కొండో అని అడిగితే, అది జోకనుకుని నవ్వాడట. అందుకే ఊరివాళ్లు ఏళ్ల తరబడి రోడ్డు తప్ప మరేమీ అడగలేదు. ఆ రోజు బావ గుండె చిక్కబట్టుకుని మంత్రిగారి ముందు నిలబడి అదే అడిగాడు.

"నీ బండేదయ్యా?" అన్నారు మంత్రిగారు.

"అదిగోనండి, ఆ తెల్ల పికప్."

"దాన్నే ఎక్కిద్దాం. ప్రజల బండి, ప్రజల కొండ, ప్రజల రాళ్లు. మధ్యలో రోడ్డెందుకు?"

చప్పట్లు మారుమోగాయి. బావ మెడలో దండ పడింది, బండి తాళాలు పీఏగారి జేబులో పడ్డాయి. రెండూ ఒకేసారి జరగడంతో బావ దండ ఒక్కటే గమనించాడు.

బండిని మా బ్యాటరీ షాపు పక్కనున్న గ్యారేజీకి తెచ్చారు. దానివల్ల నాకు రెండు పెద్ద బ్యాటరీలు అమ్ముడుపోయాయి కాబట్టి నా ప్రశంసల్లో కాస్త స్వార్థం కూడా ఉండవచ్చు. గ్యారేజీ మెకానిక్‌కి వీడియోల పిచ్చి. బండరాళ్ల మీద బళ్లను ఎక్కించే వీడియోలు చూస్తూ అన్నం సంగతి మరిచిపోయే మనిషి. అలాంటివాడికి ప్రభుత్వమే పిలిచి పని అప్పగిస్తే ఇంకేం కావాలి?

"దీన్ని రాక్ క్రాలింగ్ అంటారు సార్. ఇందులో స్పీడుతో పనిలేదు. రాయి రాయికీ మెల్లగా పాక్కుంటూ పోవాలి."

"పాకడానికి మా పార్టీలో ఎవరికీ ట్రైనింగ్ అక్కర్లేదు" అన్నారు పీఏగారు గర్వంగా.

మెకానిక్ బండిని ఎత్తు లేపాడు. నడుమెత్తు టైర్లు బిగించాడు. నత్తకి కూడా విసుగు పుట్టేంత నిదానంగా నడిచేలా గేర్లు మార్చాడు. ఒక చక్రం గాల్లో ఉన్నా రెండోది రాయిని పట్టుకుని తిరిగేలా యాక్సిలుకి లాకర్లు పెట్టాడు. తిరగబడితే తలలు పగలకుండా లోపల ఇనప పైపులతో పంజరం కట్టాడు. ముందు భాగాన, ఇరుక్కుంటే బండి తనను తానే లాక్కునే వించి పెట్టాడు. ఇంజనుకి రాళ్లు తగలకుండా కడుపు కింద మందపాటి ఇనప రేకు వేశాడు. ఆ రేకు మీద మంత్రిగారి ఫోటో వేయాలన్నది పీఏగారి సూచన.

"అడుగున ఎవరు చూస్తారు సార్?"

"బండి తిరగబడిందనుకో, జనానికి ముందు కనపడేది అదే కదా? నాయకుడనేవాడు అలాంటి సమయంలోనే కనపడాలి."

ఈ దూరదృష్టికి తగ్గట్టే మెకానిక్ పని కానిచ్చాడు. మంత్రిగారు చేతులు జోడించిన ఫోటో ఒకటి రేకు మీదికి ఎక్కింది.

మధ్యలో ఒకరోజు మా బావ వచ్చి బండి చుట్టూ తిరిగాడు. కొత్త అల్లుణ్ణి చూసినట్టు దూరం నుంచే చూశాడు. వెనక తొట్టిలో స్పేరు టైరు, జాకీలు, మంత్రిగారి సోఫా, మైకుసెట్టు అమర్చి ఉన్నాయి.

"బాగుంది. మరి పాలక్యాన్లు ఎక్కడ పెట్టుకోవాలి?"

"క్యాన్లు పెడితే బ్యాలెన్స్ పోతుందండీ" అన్నాడు మెకానిక్.

బావ నా వైపు తిరిగి, "బ్యాలెన్స్ పోతుందటరా" అన్నాడు, అది తన తప్పే అన్నట్టు. అద్దెబండి కట్టుకుని పాలు తోలుతున్న మనిషి అంతకన్నా ఏమంటాడు?

మంత్రిగారే ఆ బండిలో టీవీల ముందు కొండెక్కే ప్రోగ్రాం పెట్టుకున్నారు. దానికి ముందు మెకానిక్ ఇంకో మాట చెప్పాడు. టైర్లలో గాలి సగానికి పైగా తీసేస్తేనే అవి మెత్తబడి రాయిని పట్టుకుంటాయట. పీఏగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మంత్రిగారి గాలి తీస్తావా?"

"టైర్లలో గాలి సార్."

"రేపు ప్రతిపక్షం వాళ్ల పేపర్లో హెడ్డింగ్ ఏం పెడతారో తెలుసా నీకు? నిండుగా కొట్టు. ఇంకా కొట్టు. మంత్రిగారి హోదాకి తగ్గట్టు ఉండాలి."

టైర్లు మద్దెళ్లలా బిగుసుకున్నాయి.

బండికి ముందు నడుస్తూ, ఎటు తిప్పాలో డ్రైవరుకి చేత్తో చూపించడానికి ఒక మనిషి కావాలని, అతణ్ణి స్పాటర్ అంటారని కూడా మెకానిక్ నోరు జారాడు. మంత్రిగారికే దారి చూపించే పదవి ఒకటి ఖాళీగా ఉందన్న వార్త టౌనంతా గుప్పుమంది. యువజన విభాగం నాయకుడు తన సేవలు గుర్తుచేశాడు. టౌను ప్రెసిడెంటు అలిగాడు. మంత్రిగారి బావమరిది ఏమీ చేయలేదు, బావమరిదిగా ఉంటే చాలనుకున్నాడు. చివరికి ఎవరి మనసూ నొప్పించకుండా ముగ్గురితో స్పాటర్ల కమిటీ వేశారు.

ఇంతలో ప్రోగ్రాం ఏర్పాట్లు చూడటానికి కొండకి వెళ్లిన రోడ్ల శాఖ ఇంజనీరు దిగాలుగా తిరిగొచ్చాడు. మంత్రిగారి బండి రాళ్లెక్కుతుంది, బాగానే ఉంది. మరి అది ఎక్కడాన్ని తీసే టీవీ వ్యాన్లు ఎలా ఎక్కాలి? జనరేటరు, కుర్చీలు, పోలీసు జీపులు, పూలదండల వ్యాను? అన్నిటికీ నడుమెత్తు టైర్లు వేయడం కుదరదు కదా. ఆలోచించి ఆలోచించి, ఇంజనీరు తన శాఖకి ఎప్పుడూ తట్టని ఉపాయం ఒకటి కనిపెట్టాడు. రోడ్డు వేశాడు.

ఇన్నేళ్లూ ఆ కొండ రాయి రోడ్డుకి పనికిరాదని చెబుతూ వచ్చారు. మంత్రిగారి ప్రోగ్రాం తేదీ ఖరారు కాగానే రాయి పనికొచ్చింది. చూస్తుండగానే కొండ కింద నుంచి ఊరి దాకా నల్లటి తారురోడ్డు, మలుపు మలుపుకీ తెల్లగీతలతో సహా తయారైంది. ఆ మర్నాడు ఒక ఆటో మా షాపు ముందు ఆగింది. అందులోంచి అక్క దిగింది.

"ఒరే తమ్ముడూ, కూర్చునే వచ్చానురా" అంది. "ఇంటి గుమ్మంలో ఎక్కాను, నీ గుమ్మంలో దిగాను."

అంటూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో మంత్రిగారికి మనసులోనే దండం పెట్టుకున్నాను. అందులో వెటకారం ఏమీ లేదు. అక్క ఆ పూట మా ఇంట్లో భోంచేసి, పిల్లలకి గాజులు కొనుక్కుని, పొద్దుండగానే ఇంటికి వెళ్లిపోయింది.

ప్రోగ్రాం రోజు వచ్చింది. టీవీ వ్యాన్లన్నీ కొత్తరోడ్డు మీద హాయిగా పైకి చేరుకుని, కెమెరాలు కిందికి గురిపెట్టుకుని కూర్చున్నాయి. బ్యాండు మేళం మధ్య పికప్ వచ్చింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన హెల్మెట్ పెట్టుకుని మంత్రిగారున్నారు. కొండ అడుగున బండి ఆగింది. మంత్రిగారు తల బయటపెట్టారు.

"ఇదేంటి?"

"రోడ్డు సార్" అన్నాడు ఇంజనీరు.

"అది కనపడుతోంది. ఇక్కడెందుకుంది?"

"తమరు రోడ్డు లేకుండా ఎక్కడం మీడియా వాళ్లు తీయాలి కదా సార్. వాళ్లు ఎక్కడానికి వేశాం."

"వాళ్లు ఎక్కేశారు. ఇప్పుడు నేనేం ఎక్కాలి?"

ఇంజనీరు చేతులు కట్టుకున్నాడు. మంత్రిగారు కోప్పడలేదు. గొప్పవాళ్లు సమస్యలో కూరుకుపోరు, పరిష్కారం వైపు చూస్తారు. "రాళ్లు తెప్పించండి" అన్నారు.

పక్క క్వారీ నుంచి టిప్పర్లు బారులు తీరాయి. రోడ్డు వేసిన ఇంజనీరే దగ్గరుండి దాని మీద అడుగు నుంచి ఊరి ముంగిట దాకా బండరాళ్లు దొర్లించాడు. రాయి పడ్డచోటల్లా తారు పెంకుల్లా లేచిపోయింది. మా బావ అతని వెనకాలే పరిగెత్తాడు.

"అయ్యా, ప్రోగ్రాం అయ్యాక తీసేస్తారు కదండీ?"

"వేయమని ఆర్డరొచ్చింది, వేశాం. తీయడానికి వేరే ఆర్డరు రావాలి."

"ఎవరిస్తారండీ?"

"రోడ్డయితే మాదే. రాళ్లు గనుల శాఖవి. ఇప్పుడు ఇక్కడ కనపడుతున్నవి రాళ్లే కదా."

మధ్యాహ్నానికి మహాయాత్ర మొదలైంది. యువజన నాయకుడు కుడికి చూపించాడు. టౌను ప్రెసిడెంటు ఎడమకి చూపించాడు. బావమరిది కెమెరాల వైపు చెయ్యి ఊపాడు. డ్రైవరు ఉద్యోగం కాపాడుకోవాల్సిన మనిషి, ముగ్గురి మాటా విన్నాడు. బిగుసుకున్న టైర్లు సబ్బు మీద కాలేసినట్టు రాయి రాయికీ జారాయి. అయినా ఊరివాళ్లు వెనక నుంచి గునపాలతో తోస్తుంటే బండి దాదాపు ఊరి దాకా పాకింది. అక్కడ అన్నిటికన్నా పెద్ద రాయి మీద కడుపు ఆనించుకుని నిలబడిపోయింది. నాలుగు చక్రాలూ గాల్లో స్వేచ్ఛగా తిరిగాయి.

కమిటీ ఏకగ్రీవంగా వించి తాడు తీసుకెళ్లి టీవీ వ్యానుకి తగిలించింది. బండి పైకి రాలేదు. వ్యాను కిందికి వచ్చి రాళ్లలో ఇరుక్కుంది.

మంత్రిగారు వెనక తొట్టిలోకి మారి సోఫా మీద నిలబడ్డారు. "కొండ లొంగింది" అని ప్రకటించారు. మా బావని పిలిచి, రాయి మీద ఉన్న బండి తాళాలు అతని చేతిలో పెట్టి, ఫోటో తీసేదాకా ఆ చెయ్యి వదల్లేదు. "ఇక మీ ఊరికి రోడ్డుతో పనిలేదు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. బావ తాళాల వంకా, రాళ్ల వంకా మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు. నాకు అతని మొహంలోకి చూసే ధైర్యం చాలలేదు.

తరవాత అందరూ దిగాలి కదా. పైనున్న వ్యాన్లూ జీపులూ పైనే చిక్కుకుపోయాయి. మిగిలింది పాత కాలిబాట. అందులో ఏ రాయి కదులుతుందో, ఎక్కడ కాలేయాలో మా అక్కకి బాగా తెలుసు కాబట్టి ఆవిణ్ణే ముందు నడవమన్నారు. మంత్రిగారు అక్క భుజం పట్టుకుని, ఆయాసపడుతూ, కుంటుతున్న అక్క వెనకాల తనూ కుంటుతూ దిగారు. నేను వాళ్ల వెనకాలే ఉన్నాను కనుక ఈ సంభాషణ చెవులారా విన్నాను.

"ఎంత అవస్థమ్మా ఇది? మీ ఊరికి అసలు రోడ్డన్నదే లేదా?"

అక్క మోకాలు పట్టుకుని కాస్త ఆగింది.

"ఉండేది బాబూ. ఇవాళ పొద్దున్న దాకా ఉండేది."

మంత్రిగారు విచారంగా తల అడ్డంగా ఊపారు. ఆయన గొంతులో బాధ నిజమైనదే, నేను హామీ ఇవ్వగలను.

"అదేనమ్మా నా బాధ కూడా. మాకంటే ముందున్న ప్రభుత్వానికి ఉన్న రోడ్డు కాపాడటం కూడా చేతకాలేదు."