పరిచయం అక్కర్లేని పెద్దలు

ఒత్తిడిలో ఉన్న మనిషికి సమయానికి సరైన మాట దొరకదన్న సత్యాన్ని పటమటలోని శ్రీ వాగ్విలాస డిగ్రీ కళాశాల ఇటీవల ఒకరోజు జాతీయ సదస్సు పెట్టి మరీ నిరూపించింది. జాతీయ సదస్సు అనడానికి ఆధారం ఉంది. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చారు. రాష్ట్రం విడిపోయిన పుణ్యమా అని హైదరాబాదు నుంచి ఎవరొచ్చినా మనకు జాతీయ సదస్సే.

వేదిక మీదికి పదహారు మంది పెద్దలను ఆహ్వానించారు. శ్రోతల ఆసక్తి తగ్గకుండా హాలు తలుపులకు బయట గడియ పెట్టించారు.

వ్యాఖ్యాన బాధ్యత తెలుగు శాఖలో కాంట్రాక్టు లెక్చరరు రుచిత గారి మీద పడింది. ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఈవిడ ఉద్యోగం ఆరేళ్లుగా ప్రతి వేసవిలోనూ ఊడిపోయి, కరస్పాండెంట్ కిరీటి గారి దయవల్ల జూన్‌లో మళ్లీ మొలుస్తోంది. ఈసారి జూన్ గడిచిపోతున్నా మొలవలేదు. సదస్సు సజావుగా నడిపితే సాయంత్రానికల్లా సంతకం పెడతానని కిరీటి గారు సెలవిచ్చారు. సజావుగా అంటే ఏమిటో కూడా వివరించారు.

"మరేం లేదమ్మా. పోయినేడాది ఫంక్షన్లో యాంకరింగ్ చేసినామె ఆఖర్న ఘనంగా చదవాల్సిన నా పేరు మూడోది చదివేసింది. పాపం, ఇప్పుడు మైలవరంలో జాకెట్లు కుడుతోంది. నువ్వు మాత్రం అస్సలు టెన్షన్ పెట్టుకోకు."

ఆ క్షణం నుంచి ఆవిడ టెన్షన్ పెట్టుకున్నారు. మన వైపు వేదిక మీది పేరుకున్న విలువ మీకు తెలియనిది కాదు. పెళ్లిలో పప్పు మాడినా సర్దుకుంటాం. సభలో పేరు ఎగిరిపోతే రెండు తరాల పాటు మాటలుండవు.

రుచిత గారు పదిహేను పేర్లూ కాగితం మీద రాసుకున్నారు. పదహారోది రాసుకోలేదు. ఆయన పేరు ఎవరైనా మరిచిపోతారా? కాలేజీ గేటు మీదా, బస్సుల మీదా, నీళ్ల ట్యాంకు మీదా ఉన్నది అదే.

పదిహేను మందీ బిరుదులతో సహా వేదికెక్కి కూర్చున్నారు. "ఇప్పుడు మన ప్రియతమ కరస్పాండెంట్, విద్యాదాత, శ్రీ..." అని ఆవిడ ఆగిపోయారు.

పేరు రాలేదు. బుర్రలోకి యమాతారాజభానసలగం వచ్చింది. కానూరు, పోరంకి, కంకిపాడు అంటూ బస్సు స్టాపులన్నీ వరసగా వచ్చాయి. జాకెట్టు కొలతలు కూడా వచ్చాయి. వెనక ఫ్లెక్సీ మీద ఆ పేరు అడుగెత్తు అక్షరాలతో ఉంది కాని, పెద్దలందరూ దానికి అడ్డంగానే కూర్చున్నారు. పక్క గుమ్మంలో మంచినీళ్ల గ్లాసులతో నిలబడ్డ అటెండరు ఆవిడ అవస్థ గమనించాడు. గ్లాసులు కింద పెట్టి, ట్రే నెత్తిన పెట్టుకుని, మహారాజులా నడిచి చూపించాడు. ఎండ గురించి చెబుతున్నాడనుకున్నారు ఆవిడ.

చివరికి ప్రాణం మీదికొచ్చి అనేశారు: "ఎవరి గురించి చెప్పాలంటే మాటలు చాలవో, ఎవరికి పరిచయమే అక్కర్లేదో, ఆ మహనీయులను సవినయంగా వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను!"

హాలు దద్దరిల్లింది. కిరీటి గారు కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకున్నారు. "నా పేరు పలకడానికి కూడా సాహసించలేదు చూశారా! అదీ సంస్కారమంటే!"

దాంతో మిగతా పదిహేను మందికీ తల కొట్టేసినట్టయింది. "అంటే మాకు పరిచయం కావాలనా?" అని హైదరాబాదు ఆయన లేచారు. తన పేరు పిలిచి, పైగా డిగ్రీలు కూడా చదివి నలుగురిలో అవమానించారన్నారు. ప్రిన్సిపాల్ రాజ్యలక్ష్మి గారు సమయస్ఫూర్తితో తీర్మానం ప్రవేశపెట్టారు: ఇకపై ఈ కళాశాలలో పెద్దలకు పేర్లుండవు. ఏకగ్రీవంగా ఆమోదించారు. తక్షణ అమలులో భాగంగా ఫ్లెక్సీకి సున్నం కొట్టారు.

మానసిక నిపుణులు డాక్టర్ సూర్యప్రకాష్ గారు కీలకోపన్యాసం చేశారు. "ఒత్తిడి పెరిగితే మన మెదడులో... అదేంటండీ అది... దాన్నేమంటారూ..." అని నాలుగు నిమిషాలు వెతుక్కున్నారు. ప్రయోగం చేసి చూపిస్తున్నారనుకుని సభ చప్పట్లు కొట్టింది. తరవాత సన్మానం. "పరిచయం అక్కర్లేని పెద్దలు ముందుకు రావాలి" అనగానే పదహారు మందీ ఒక్క శాలువా మీద పడ్డారు. శాలువా జాతీయ స్థాయిలో చిరిగింది.

సాయంత్రం కిరీటి గారు ఏసీ గదిలో లస్సీ తాగుతూ చల్లగా ఉన్నారు. "ఆ అమ్మాయికి ఆర్డరు టైపు చేయించండి" అన్నారు.

"ఏ అమ్మాయికండీ?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"అదేనండీ, తెలుగు మేడం. ఉయ్యూరు నుంచి వస్తుందీ... ఏదో ఉందే పేరు."

"అవునండీ, ఏదో ఉంది."

"రుచిత గారండీ" అన్నాడు గుమ్మంలోంచి అటెండరు. వాణ్ణెవరూ అడగలేదు కనక ఆ మాట ఎవరికీ వినపడలేదు. పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి సంతకం చేశారు.

వరండాలో ఆ కాగితం మీది చుక్కలను రుచిత గారు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. ఒక్క పూట ఆయన పేరు మరిచిపోయినందుకు ఆవిడ ప్రాణం పోయినంత పనయింది. ఆరేళ్లుగా ఆవిడ పేరు తెలియకపోయినా ఆయన లస్సీ గ్లాసు చెక్కుచెదరలేదు. సరిగ్గా అప్పుడే, ఇక అవసరం లేదనగా, కిరీటి అన్న పేరు ఇంటిపేరుతో సహా గుర్తొచ్చింది.

అటెండరు జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. "మీరే రాసేసుకోండి మేడం. ఆయనెలాగూ చదవరు."

చుక్కల మీద ఆవిడ తన పేరు గుండ్రంగా రాసుకున్నారు. పెన్ను తిరిగిస్తూ, "చాలా థాంక్స్..." అని ఆగిపోయారు. ఆరేళ్లుగా రోజూ టీ తెచ్చిస్తున్న మనిషి. ఉద్యోగం చేతిలో ఉంది, బస్సుకు బోలెడు టైముంది, ఒత్తిడి లేశమైనా లేదు. అయినా పేరు రాలేదు. "థాంక్సండీ" అని సరిపెట్టి వెళ్లిపోయారు.

దీన్ని ఏ రోగమంటారో డాక్టరు గారు చెప్పలేదు. నేనూ తప్పు పట్టను. ఇంత కథ రాశాను, లస్సీతో సహా అన్నీ రాశాను, ఆ అటెండరు పేరు రాయలేదు. మీరూ అడగలేదు. ఇద్దరం తీరిగ్గానే ఉన్నాం.